బాగున్నాడని ఇంకొకరు చెబితే ఒప్పుకోవద్దు

మొన్న నంద్యాలలో ఒక హాల్లో కరెంటు శాఖలో కొత్తగా చేరిన లైన్‌మన్లకు, ఇంజనీర్లకు కలిపి ఒక పూట తరగతి పెట్టారు. గోడకు కట్టిన బ్యానరు మీద "ఒత్తిడిని జయిద్దాం" అని రాసుంది. రిటైరైన వాళ్లలో నోరున్నవాణ్ణని కాబోలు, నన్నూ పిలిచారు. నాకంటే ముందు మాట్లాడిన వక్త పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు తాగమన్నాడు, అద్దంలో చూసుకుని నవ్వమన్నాడు, అందరినీ నిలబెట్టి గట్టిగా చప్పట్లు కొట్టించాడు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. "సార్, రెండు నిమిషాల్లో ముగించండి" అని చీటీ అందించారు.

ఉద్యోగంలో ఉండగా నేను పోగొట్టుకున్న ఒక మనిషి గురించి, పోబోయి ఆగిన ఇంకో మనిషి గురించి రెండు నిమిషాల్లో చెప్పడం నాకు చేతకాదు. "అన్నం చల్లారిపోతుంది, పోయి తినండి" అని దిగి వచ్చేశాను. బస్సులో ఆళ్లగడ్డ చేరేదాకా ఆ చప్పట్లు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

నేను లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయాను. ముప్పై నాలుగేళ్లు. ఎక్కువకాలం ఆళ్లగడ్డ, రుద్రవరం మధ్యనే తిరిగాను. ఏ ప్రమోషను ఎప్పుడు వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో మీకు అనవసరం. మనుషుల పేర్లు మార్చాను. తప్పులు మాత్రం మార్చలేదు, ముఖ్యంగా నావి.

ఎల్సీ అంటే

చేరి నాలుగు రోజులు కానివాళ్ల కోసం, మన పని తెలియనివాళ్ల కోసం ముందు ఒక సంగతి చెప్పాలి.

స్తంభం ఎక్కి తీగ ముట్టుకోవాలంటే ముందు ఆ లైనుకు కరెంటు ఆపించాలి. అందుకు సబ్‌స్టేషన్‌లో ఉండే ఆపరేటరుకు ఫోను చేసి లైను అడుగుతాం. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటాం. ఆపరేటరు లైను ఆపేసి, పుస్తకంలో అడిగినవాడి పేరు రాసుకుని, స్విచ్చి మీద "మనుషులు పనిచేస్తున్నారు" అన్న బోర్డు తగిలిస్తాడు. పని అయ్యాక, ఎవడు ఎల్సీ తీసుకున్నాడో వాడే మళ్లీ ఫోను చేసి, "మనుషులందరూ దిగినారు, సామాన్లు తీసేసినాం, లైను వాపసు" అని చెప్పాలి. అప్పుడే బోర్డు తీస్తారు. పక్కవాడు చెబితే చెల్లదు. ఊరి సర్పంచి చెప్పినా, పెద్ద ఇంజనీరు చెప్పినా చెల్లదు. "వాడు దిగినాడులే, నేను చూసినా" అని ఎవరైనా ఫోను చేస్తే, మంచి ఆపరేటరు ఒకటే మాట అంటాడు. "వాని గొంతు ఇనిపించు."

మా శాఖలో నేను తిట్టనిది ఏదైనా ఉంటే అది ఈ పద్ధతే. ఊరంతా చీకట్లో ఉండి బూతులు తిడుతున్నా సరే, ఒక్క మనిషి గొంతు కోసం ఆగుతాం. మరి అదే మనిషి స్తంభం దిగాక, ఇంటికి పోయాక, లోపల్లోపల కూలిపోతుంటే మాత్రం వాడి గురించి ఎవరేం చెప్పినా నమ్మేస్తాం. నేనూ నమ్మాను.

శేషన్న

శేషన్న నాకంటే ఆరేళ్లు చిన్న. మంచి పనివాడు. చేతులు ఎంత చురుకో నోరూ అంత చురుకు. ఆఫీసులో ఎవరికి ఏ మారుపేరు ఉన్నా అది శేషన్న పెట్టిందే. నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను.

ఒక వేసవిలో శేషన్న మాట తగ్గింది. వారానికి రెండు రోజులు డ్యూటీకి రావడం మానేశాడు. వచ్చిన రోజు గడ్డం గీసుకునేవాడు కాదు. టీ తెప్పిస్తే చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చునేవాడు. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి ఏం చేశానంటే, మెమో రాశాను. "అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపగలరు." ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

మెమోకు జవాబు రాలేదు. శేషన్నతో కలిసి పనిచేసే హుసేన్‌ని పిలిచి అడిగాను.

"శేషన్న ఎట్లుండాడు?"

"బాగుండాడు సార్. ఇంట్లో ఏందో చిన్న గలాటా అంట. రెండ్రోజులు పోతే సర్దుకుంటాడు."

"తాగుతాండాడా?"

"లేదు సార్. బాగుండాడు."

నేను సరేనన్నాను. శేషన్న ఇల్లు మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే. నడిచి పోతే ఒక బీడీ కాల్చేంత సేపు పట్టదు. నేను పోలేదు. నాలుగో రోజు పొద్దున శేషన్న ప్రాణం తీసుకున్నాడని కబురు వచ్చింది.

ఎలా చనిపోయాడని మీరూ అడగొద్దు. ఆ రోజు ఊళ్లో ప్రతివాడూ అదే అడిగాడు. ఆ వేసవంతా ఎలా బతికాడని ఒక్కడూ అడగలేదు. చావింటి దగ్గర మా అధికారి ఒకాయన అందరి ముందూ, "ఇంత పిరికోడు అనుకోలేదు" అన్నాడు. స్తంభం మీద వానలో నిలబడి పనిచేసిన మనిషిని, జీవితంలో ఒక్కసారి కూడా నిచ్చెన ఎక్కని మనిషి పిరికివాడన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ రోజు నా నోట మాట రాలేదు. జేబులో నేను రాసిన మెమో నకలు ఉంది మరి.

శేషన్న చావుకు ఒక్క మెమోనే కారణమని నేను అనను. ఇలాంటి చావుకు ఒక్కటే కారణం ఉండదని చాలా ఏళ్ల తర్వాత నంద్యాలలో ఒక మానసిక వైద్యుడు నాకు చెప్పాడు. అది విన్నాక కొంచెం తేలికపడ్డాను, అదీ దాచను. కానీ ఎవరో "బాగుండాడు" అంటే ఒప్పుకుని బోర్డు తీసేసింది మాత్రం నేనే.

గుడ్ మార్నింగులు

ఆ తర్వాత కాలం మారింది. అందరికీ స్మార్టుఫోన్లు వచ్చాయి. పొద్దున్నే హాజరు కోసం ఫోనులో ముఖం ఫోటో తీసుకునే యాప్ పెట్టారు. మా శాఖ ప్రతి ఉద్యోగి ముఖాన్నీ రోజూ ఫోటో తీస్తుంది. అందులో ఒక్క ముఖాన్నయినా ఎవరైనా చూస్తే ఎంత బాగుండేది! ఏడ్చి ఉబ్బిన ముఖమైనా, నెలరోజులుగా నిద్రలేని ముఖమైనా ఆ యాప్‌కు ఒకటే. పచ్చ గుర్తు పడితే చాలు, హాజరైనట్టే.

వాట్సాప్ గ్రూపు ఇంకొకటి. పొద్దున ఆరుకల్లా ఒక అధికారి నుంచి పువ్వుల బొమ్మలు, "చిరునవ్వే సగం బలం" అన్న రాతలు వచ్చేవి. ఆ వెంటనే అదే అధికారి, "నిన్నటి పని ఎందుకు కాలేదు? సాయంత్రంలోగా కాకపోతే సస్పెన్షన్" అని పెట్టేవాడు. పువ్వులకూ దండాలు పెట్టేవాళ్లం, సస్పెన్షనుకూ దండాలు పెట్టేవాళ్లం.

అందరూ అలాంటివాళ్లేనని చెబితే అన్యాయం అవుతుంది. ఇకమీద చెప్పబోయే ఓబులేసు అనే లైన్‌మన్ సంగతి జరిగినప్పుడు మా సెక్షనుకు ఒక ఇంజనీరమ్మ ఉండేది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదట్లో నేనూ "ఈ అమ్మాయికేం తెలుసు" అనుకున్నాను. తర్వాత సిగ్గుపడ్డాను.

ఓబులేసు ప్లయరు

ఓబులేసు రుద్రవరం వైపు లైన్‌మన్. అహోబిలం దగ్గరి మనిషి. నెమ్మదస్తుడు, లెక్కప్రకారం పోయేవాడు. ఒక మధ్యాహ్నం గాలీవానా వచ్చేలా ఉంది. చేలల్లో తీగ తెగిందని, ఎల్సీ తీసుకుని నలుగురితో పనికి దిగాడు. ఊళ్లోంచి ఫోన్ల మీద ఫోన్లు. పని అయ్యాక కిందనుంచి, "అందరూ దిగినారా?" అని కేకేశాడు. ఎవరో, "దిగినారన్నా" అన్నారు. ఓబులేసు లైను వాపసు ఇచ్చేశాడు. మస్తాన్ అనే కాంట్రాక్టు కూలీ మాత్రం రెండో స్తంభం మీద ఇంకో ముడి బిగించడానికి ఎక్కి ఉన్నాడు. మస్తాన్ బతికాడు. ఎడమ చెయ్యి పోయింది.

విచారణ మొదలైంది. ఓబులేసుకు ఛార్జిమెమో వచ్చింది. అది రావాల్సిందే, నేను కాదనను. కానీ విచారణ తొమ్మిది నెలలు సాగింది. ఆ తొమ్మిది నెలలూ టీకొట్టు దగ్గర, ఆఫీసు వసారాలో, పెళ్లిళ్లలో ఓబులేసును చూపించి, "చెయ్యి తీసినోడు" అన్నారు. ముఖం ముందే అన్నవాళ్లూ ఉన్నారు, నవ్వుతూ.

ఒకరోజు హుసేన్ నా దగ్గరికి వచ్చాడు. శేషన్న గురించి "బాగుండాడు" అని చెప్పిన హుసేనే. అప్పటికి తల నెరిసింది. సంచిలోంచి ఒక కటింగ్ ప్లయరు తీసి నా బల్ల మీద పెట్టాడు. పిడికి ఎర్రటి టేపు చుట్టిన పాత ప్లయరు.

"ఇది ఓబులేసుది కదప్పా?"

"అవును సార్. నాకు ఇచ్చినాడు. నువ్వు పెట్టుకో హుసేనన్నా, నాకింగ పనిల్యా అన్నాడు."

లైన్‌మన్ తన ప్లయరు సొంత తమ్ముడికి కూడా ఇవ్వడు. ఒక గంటకు అడిగినా, "కొత్తది కొనుక్కోపో" అంటాడు. చేతికి అలవాటుపడిన ప్లయరు పోతే వారం రోజులు అన్నం సహించదు మాకు.

"సార్, అప్పుడు శేషన్న గురించి నేను తప్పు చెప్పినా. ఈసారి చెప్తాండా. నాకు బాగ అనిపిస్తాల్యా" అన్నాడు హుసేన్. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయనా ఇన్నేళ్లుగా ఆ మాట మోస్తూనే ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. మేమిద్దరం రోజూ ఒకే గదిలో కూర్చునేవాళ్లం. శేషన్న సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఈసారి నేను మెమో రాయలేదు. స్కూటరు తీసుకుని రుద్రవరం పోయాను. ఓబులేసు వసారాలో కూర్చుని ఉన్నాడు. భార్య లక్ష్మిదేవి మంచినీళ్లు తెచ్చింది. ఆమె లోపలికి పోయాక ప్లయరు తీసి ఆయన పక్కన పెట్టాను.

"ఏందప్పా ఇది?"

ఓబులేసు దాన్ని ముట్టుకోలేదు.

"ఓబులేసూ, సూటిగా అడుగుతాండా. చచ్చిపోవాలని అనుకుంటాండావా?"

ఈ ప్రశ్న అడగొద్దని అందరూ అంటారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందంటారు. ఉత్త మాట. అడిగితే పుట్టదని, అడిగితేనే బయటికి వస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ రోజు నాకు అదేమీ తెలియదు. శేషన్నను అడగలేదన్నది ఒక్కటే తెలుసు.

ఓబులేసు చాలాసేపు ప్లయరునే చూశాడు. ఆ తర్వాత తలూపాడు.

"కండ్లు మూస్తే మస్తాన్ అరుపే ఇనిపిస్తాది సార్. నేను ఒక మాట లెక్కబెట్టుకోనుంటే సరిపోతాండె. ఎవరో దిగినారంటే నమ్మితి."

"నేనూ నమ్మినాను. శేషన్న బాగుండాడంటే నమ్మినాను. నువ్వు నమ్మితే మనిషి చెయ్యి పోయింది. నేను నమ్మితే మనిషే పోయినాడు. నేను బతుకుతాండా కదా? నువ్వూ బతకల్ల."

ఇది ఓదార్పో కాదో నాకు తెలియదు. ఎక్కడా చదివి చెప్పింది కాదు. కానీ ఆయన తొమ్మిది నెలల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. లక్ష్మిదేవి పరిగెత్తుకుని వచ్చింది. ఆమె ఎదుటే అంతా చెప్పాను. దాచిపెట్టు అని ఓబులేసు చేత్తో సైగ చేశాడు. నేను దాచలేదు. ఇలాంటి విషయంలో మాట దాచడం స్నేహం కాదు. ఆ ఒక్క విషయంలో మాట తప్పండి, తర్వాత తిట్లు తినండి.

పిచ్చి డాక్టరు

మర్నాడు నంద్యాల పోవడానికి సెలవు కావాలి. పై అధికారికి ఫోను చేశాను. ఆయన మంచివాడే, ఆయనకు తోచింది చెప్పాడు. "ఆడ అందరూ మాటలంటాండారు కాబట్టి శ్రీశైలం కాడ సున్నిపెంటకు బదిలీ చేస్తాం. డ్యామ్ గాలికి తేరుకుంటాడు." నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. చావాలని ఉందన్న మనిషిని పెళ్లాం బిడ్డలకు దూరంగా, అడవి దాటించి, క్వార్టరులో ఒంటరిగా పెడితే గాలి వైద్యం చేస్తుందట! మా శాఖలో ఏ రోగానికైనా మందు బదిలీనే.

పక్కనే ఉన్న ఇంజనీరమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "సార్, బదిలీ వద్దు. లైను పని నుంచి తప్పించి ఆఫీసులోనే స్టోరు చూసుకోమంటాను. రాతపూర్వకంగా బాధ్యత నాది" అని చెప్పి పెట్టేసింది. సెలవు కాగితంలో కారణం దగ్గర "అనారోగ్యం" అని రాసి సంతకం పెట్టింది. అదీ అధికారం అంటే. ఆమె ఒక్కనాడూ మాకు పువ్వుల బొమ్మ పంపలేదు.

ఇక ఊళ్లో వాళ్ల సంగతి. నంద్యాలలో మానసిక వైద్యుడి దగ్గరికి పోతున్నామంటే, "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్నారు. స్తంభం మీదనుంచి పడి నడుము విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఊరంతా తోడొస్తుంది. మనసు విరిగితే మొహానికి తువ్వాలు కప్పుకుని పోవాలి. డాక్టరు ఓబులేసుతో గంటసేపు మాట్లాడాడు. మాత్రలు రాశాడు. ఆయన్ని ఒంటరిగా వదలొద్దన్నాడు. ఇంట్లో ప్రమాదమైనది ఏదీ ఆయనకు అందకుండా చూడమని లక్ష్మిదేవికి చెప్పాడు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లు ఎందుకు చెప్పాడో నాకు తర్వాత తెలిసింది.

తిరిగి వస్తుంటే బస్సులో నేను ఓబులేసుతో ఒక ఒప్పందం చేసుకున్నాను.

"రోజూ పొద్దున ఏడు గంటలకు ఫోను చేస్తా. నువ్వే ఎత్తల్ల. బాగుంటే బాగుండా అను. బాగలేకపోతే బాగల్యా అను. నీ గొంతు ఇనిపించేదాకా నేను బోర్డు తీయను."

"ఎన్ని దినాలు సార్?"

"లైను వాపసు ఇచ్చేదాకా."

ఏడు గంటల ఫోను

నెలన్నర బాగానే నడిచింది. ఒక్కోరోజు "బాగల్యా సార్" అనేవాడు, ఒక్కోరోజు "పర్వాల్యా". ఒకరోజు లక్ష్మిదేవి ఎత్తింది.

"బాగుండాడు సార్. పండుకోనుండాడు. లేసినాక చేపిస్తా."

"ఒక్కసారి లేపమ్మా."

"పాపం, ఇప్పుడిప్పుడే కన్ను మూసినట్టుండాడు. తలుపేసుకోనుండాడు. బాగుండాడులే సార్."

నిజం చెబుతున్నాను, ఫోను పెట్టేయబోయాను. మా కూతురు పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో పని ఉంది. పైగా చెబుతున్నది సాక్షాత్తూ భార్య. ఆమెకంటే నాకు ఎక్కువ తెలుసా? అప్పుడు శేషన్న ఇల్లు గుర్తొచ్చింది, ఆ రెండు వీధులు.

"అమ్మా, తలుపు తియ్యి. నేను ఫోన్ పెట్టను" అన్నాను.

ఆమె పోయింది. తలుపు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆమె కేక. మంచం ఖాళీగా ఉంది. ఫోను దిండు పక్కనే పెట్టి, పెరటి దారిన పోయాడు.

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం దాకా ఆ స్కూటరును నేను ఎలా నడిపానో నాకు తెలియదు. దారిలోనే హుసేన్‌కు చెప్పాను. ఎక్కడ వెతకాలో మాత్రం నాకు తెలుసు. మస్తాన్ చెయ్యి పోయిన చేను. ఓబులేసు అక్కడే, ఆ రెండో స్తంభం మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఏ దెబ్బా లేదు. నేను స్కూటరు అక్కడే పడేసి పరిగెత్తాను. అరవై దగ్గరపడిన మనిషిని, పక్కన కూలబడ్డాను. ముందు తిట్టాను. నోటికి వచ్చిందంతా తిట్టాను. తర్వాత ఊపిరి అందింది.

"ఇంగ సాలు అనుకోని వచ్చినా సార్. ఏడయినట్టుంది అనిపించింది. నువ్వు ఫోన్ చేస్తావు, నేను ఎత్తకపోతే వస్తావు అనుకుంటి. వచ్చినాక చూద్దాంలే అని కూసున్యా" అన్నాడు.

ఆ మాట విని నేను ఏడ్చాను. ఇందులో దాచడానికేముంది?

తర్వాత తెలిసింది, పది రోజులుగా మాత్రలు మానేశాడు. బావమరిది, "అవి పిచ్చి మాత్రలు, అలవాటైతాయి" అని చెప్పి, యాగంటికి పోయి మొక్కుకుంటే చాలన్నాడు. ఆ బావమరిది ఇంట్లోనే ఉన్నాడు. నా కోపం అంతా ఆయన మీద తీర్చుకున్నాను.

"యాగంటికి పోండి. టెంకాయ కొట్టండి, ప్రదక్షిణం చేయండి. మాత్ర కూడా వేసుకోండి. ఆడుండే బసవన్న మాత్ర వద్దని చెప్పినాడా నీకు?"

ఆయన తల దించుకున్నాడు. ఆ రోజే మళ్లీ నంద్యాల పోయాం. ఈసారి బావమరిది కూడా వచ్చాడు. డాక్టరు మూడోసారి చెప్పాడు, మధ్యలో ఆపొద్దని.

మస్తాన్ దగ్గరికి నేనే పోయాను. ఓబులేసును క్షమించమని అడగడానికి కాదు, ఆ హక్కు నాకు లేదు. పరిస్థితి చెప్పాను. మస్తాన్ చాలాసేపు ఖాళీ చొక్కా చెయ్యి వైపు చూసుకున్నాడు. "నేను ఆయప్పతో మాట్లాడను సార్. నాకింకా కోపం తగ్గల్యా. కానీ సావొద్దని చెప్పు. ఆయప్ప సస్తే నా చెయ్యి రాదు." నేను ఆ మాటను ఒక్క అక్షరం మార్చకుండా ఓబులేసుకు చేరవేశాను. మా అందరి ఓదార్పుల కంటే అదే ఆయనకు ఎక్కువ పనికొచ్చింది. ఏడాది తర్వాత ఓబులేసు మళ్లీ లైను పనికి వచ్చాడు. ఇప్పుడు వాపసు ఇచ్చేముందు ప్రతి మనిషినీ పేరుపెట్టి పిలిచి, వాడి నోటితోనే "దిగినా" అనిపిస్తాడు. కూలీలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

నా వంతు

ఇక్కడితో ఆపేస్తే నేను పెద్ద మొనగాడిలా కనిపిస్తాను. అందుకే ఇదీ రాస్తున్నాను.

రిటైరైన రోజు దండలు వేశారు, శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. మర్నాటి నుంచి ఫోను మోగలేదు. మొదటి నెల హాయిగా ఉందన్నాను. మూడో నెలకు గడ్డం గీసుకోవడం మానేశాను. శేషన్న రోజూ గుర్తొచ్చేవాడు. టీ పట్టుకుని కూర్చునేవాణ్ణి, చల్లారిపోయేది. ఇంతమందికి నీతులు చెప్పిన నాకు అది ఏమిటో తెలియలేదనుకోకండి. తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. కరెంటోళ్లం కదా, మాకేమీ కాదు.

పొద్దున ఏడుకు ఫోను చేసే అలవాటును ఓబులేసు తనవైపు తిప్పుకున్నాడు. నేను రిటైరయ్యాక తనే చేసేవాడు. రెండు రోజులు నేను ఎత్తలేదు. మూడో రోజు మా ఆవిడ ఎత్తి, "బాగుండాడప్పా, మొగం కడుక్కుంటాండాడు" అంది. నేను మంచం మీదే ఉన్నాను.

తొమ్మిదిన్నరకు తలుపు దగ్గర మనిషి. డ్యూటీ బట్టల్లోనే, రుద్రవరం నుంచి బస్సు ఎక్కి వచ్చేశాడు.

"అమ్మా, సార్ గొంతు ఇనల్ల నేను" అన్నాడు.

మా ఆవిడ తెల్లబోయింది. ఓబులేసు లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని నా మంచం పక్కన కూర్చున్నాడు. ముందు నా గడ్డం చూశాడు. తర్వాత స్టూలు మీద చల్లారిన టీ చూశాడు.

"సార్, సూటిగా అడుగుతాండా. చచ్చిపోవాలని అనుకుంటాండావా?"

నాకు చర్రున కోపం వచ్చింది. "నన్నే అడుగుతావారా?" అన్నాను.

"నువ్వు నేర్పిందే కదా సార్."

మా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాకు అబద్ధం రెడీగానే ఉంది. ముప్పై నాలుగేళ్లలో ఎంతమంది నోట విన్నానో ఆ ఒక్క మాట. కానీ అడిగినవాడు దాన్ని ఒప్పుకునే మనిషి కాదు.

"చావాలని లేదప్పా. పొద్దున లేయాలని కూడా లేదు."

"అది సాలు. లెయ్, పోదాం."

ఆ రోజు నంద్యాలలో అదే డాక్టరు గది బయట, అదే బల్ల మీద, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తెలిసినవాళ్లు ఇద్దరు అటుగా పోతూ చూశారు. నేను తువ్వాలు కప్పుకోలేదు.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను. మధ్యలో ఆపలేదు. ఒక్కోరోజు బాగుంటుంది, ఒక్కోరోజు బాగుండదు. కొత్తగా చేరిన మీకు నేను చెప్పేది ఎక్కువ లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా ఫోను చేసి మాట్లాడుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు 14416 ఉంది, దాన్ని మీ సబ్‌స్టేషన్ గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. పక్కవాడు ప్లయరు ఇచ్చేస్తే తీసుకోకండి. చప్పట్లు కొట్టమంటే కొట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కొట్టాక పోయి ఒక మనిషి తలుపు తట్టండి.

రేపు ఏడు గంటలకు మా ఇంట్లో ఫోను మోగుతుంది. మా ఆవిడ ఎత్తదు, ఎత్తొద్దని ఓబులేసు ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. నేనే లేవాలి.